ఖాళీ గళ్ళలో సంతకాలు

"అన్నం మీద అలగొద్దే పిల్లా. అన్నమేం పాపం జేసింది?" అంది ఈరమ్మ, మూడోసారి.

చందు కంచం ముందు నుంచి లేచిపోయింది. చెయ్యి కడుక్కునే పని కూడా లేదు, అసలు అన్నంలో చెయ్యి పెడితే కదా. కిటికీ కిందికి వెళ్ళి లెక్కల పుస్తకం తెరుచుకుని కూర్చుంది. శుక్రవారం సాయంత్రం బడి నుంచి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. ఇవాళ ఆదివారం. ఈ రెండు రోజుల్లో ఆ పిల్ల తల్లితో ఆడిన మాటలు లెక్కపెడితే ఒక చేతి వేళ్ళు కూడా నిండవు.

సునీత పొయ్యి దగ్గర నిలబడి, ఎప్పుడో ఉడికిపోయిన పప్పును ఇంకా కలుపుతూనే ఉంది.

"ఏడో తరగతికే దొంగ సంతకాలా!" ఈరమ్మ మనవరాలిని వదల్లేదు. "మన ఇంట్ల ఏలిముద్రలోళ్ళున్నరు గాని, దొంగ సంతకాలోళ్ళు ఎన్నడన్న ఉన్నరా? ఇగ పదో తరగతికొస్తే ఏం జేస్తవో!"

"ఊకో అత్తా. పిల్లనెందుకు తింటవ్?"

"ఊకుంటేనే గిట్లయింది. పెద్దసారు ముంగట నువ్వే చెప్పొస్తివి గద, గది నా సంతకం గాదని?"

చెప్పింది. నిజమే, చెప్పింది. పెద్దసారు ఈశ్వరయ్య గదిలో, నలుగురు తల్లిదండ్రులు చూస్తుండగా, కన్నకూతురు పక్కనే నిలబడి ఉండగా, పుస్తకాల డైరీలో ఉన్న తన సంతకాన్ని వేలుపెట్టి చూపించి, "గది నా సంతకం గాదు సార్" అని చెప్పింది. ఆ సంతకం ఆమెదే. ఆ సంగతి ఆమెకు తెలుసు, చందుకు తెలుసు. మూడో మనిషికి తెలియదు. తెలియనందుకే మూడో మనుషులంతా కలిసి ఆ పిల్లను దొంగను చేశారు.

బయట ట్యాంకర్ ఆగిన చప్పుడయింది. కొండల్ వచ్చాడు. విల్లాలకు నీళ్ళు పోసి వచ్చే మనిషి, ఆదివారం కూడా సెలవు లేదు. చొక్కా విప్పి మేకుకు తగిలించి, చెంబెడు నీళ్ళు తాగి, కూతురి వైపు తిరిగాడు.

"పెద్దసారు ఫోన్ జేసిండు. రేపు ప్రేయర్ల అందరి ముంగట మైకు వట్టుకొని, 'అమ్మ సంతకం నేనే పెట్టిన, ఇంకోసారి చెయ్య' అని చెప్పాల్నట. చెప్పకుంటే టీసీ తీస్కపొమ్మన్నడు."

ఈరమ్మ నోరు మూసింది. ఆ ఇంట్లో అది వింతే.

"ఏందే చందూ? నిజంగనే పెట్టినవా?"

చందు పుస్తకం లోంచి తలెత్తింది. తండ్రిని చూడలేదు. పొయ్యి వైపు చూసింది.

"అమ్మ పెద్దసారు ముంగట చెప్పింది గద బాపు. అమ్మ అబద్ధం చెప్తదా?"

"మీ అమ్మెందుకు చెప్తదే?" అన్నాడు కొండల్, పాపం, ఆ అమాయకుడు.

సునీత చేతిలో గరిట జారి పప్పులో పడింది. దాన్ని తీసే వంకతో వంగింది గాని, మళ్ళీ మొహం ఎత్తడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

*

అసలు ఆ డైరీ కావాలని చెయ్యెత్తిన వాళ్ళలో సునీత కూడా ఉంది. అందరికన్నా ఎత్తుగా ఎత్తిన చెయ్యి ఆమెదే.

జూన్‌లో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. కమిటీకి పెద్ద నాగమణి. సాతంరాయి ఊరు దాటాక వచ్చే విల్లాల్లో ఉంటుంది, మనిషి మంచిదే, ఎదురుపడితే నవ్వుతుంది. ఆవిడ లేచి, "మన పిల్లలు ఏం చదువుతున్నారో మనకి తెలియక్కర్లేదా అండీ? తల్లిదండ్రుల సంతకం లేకుండా లైబ్రరీ పుస్తకం ఇంటికి రాకూడదు" అంది. తెలియాలి కదా మరి! సునీత చెయ్యెత్తింది. బడివాళ్ళు ఫీజుకు కాకుండా ఇంకో విషయానికి తన సంతకం అడగడం అదే మొదటిసారి. ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు ఆమె నడకలోనే కొంచెం తేడా ఉంది.

డైరీ వచ్చింది. పేజీకి పది గళ్ళు. తేదీ, పుస్తకం పేరు, సంతకం. సునీతేమో కాటేదాన్‌లో విమానాల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పని. పొద్దున ఆరింటికల్లా కంపెనీ బండి ఎక్కాలి. రోజంతా నీలం దుప్పట్లు, ఎవరెవరో కప్పుకున్నవి, మడతపెట్టి కవర్లలో దూర్చి ఇంటికి వచ్చేసరికి చేతులు తన మాట వినవు. చందు డైరీ పట్టుకుని వెనకవెనకే తిరిగేది.

"అమ్మా, ఈ పుస్తకం పేరు చెప్త, జర ఇను."

"పుస్తకమంటే మంచిదే అయితది తియ్యే. ఏడ పెట్టాలె?"

అలా నాలుగైదు వారాలు గడిచాయి. ఒక ఆదివారం ఆమెకు ఒక తెలివైన ఆలోచన వచ్చింది. ఎలాగూ పెట్టేవే కదా అని డైరీ ఒళ్ళో పెట్టుకుని, ఖాళీ గళ్ళన్నిటిలో, చివరి పేజీ దాకా వరసగా సంతకాలు పెట్టేసింది. దసరా సెలవుల తరవాత కొత్త డైరీ ఇస్తే దానికీ అదే వైద్యం. పిల్ల ఏ పుస్తకం తెచ్చుకున్నా తల్లి అనుమతి సిద్ధం. అయిదో తరగతి దాకానే చదివిన సునీతకు తన సంతకమంటే ముచ్చట. చివరి అక్షరం తోకను కిందికి లాగి, మళ్ళీ వెనక్కి తిప్పి గీత కొడుతుంది. అలాంటి సంతకం ఆ కంపెనీలో సూపర్‌వైజరుకు కూడా లేదు.

ఆ గళ్ళలో ఒకదాని పక్కన చందు పొందికగా రాసుకున్న పుస్తకం పేరు 'నాన్న ఇంట్లో లేడని చెప్పు'.

ఒక పిల్లవాడు తన ఇంట్లో పెద్దవాళ్ళు ఆడే అబద్ధాలన్నీ నోటుబుక్కులో రాసుకుంటూ పోతాడు. కథ అంతే. చందు చాలావరకు చదివి నాగమణి కూతురు చిన్మయికి ఇచ్చింది. చిన్మయి చదివిన రెండో రోజే వాళ్ళ నాన్న నరసరాజు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. పిల్ల తీసి, ఎంతో మర్యాదగా, "నాన్నగారికి జ్వరమని చెప్పమన్నారండీ" అంది. అవతల ఉన్నది మేనేజరు. నరసరాజు ఉద్యోగానికేమీ కాలేదు గాని, ఆఫీసంతా నవ్వింది. ఆ నవ్వు ఇంటికి వచ్చింది, ఇంటి నుంచి కమిటీకి వచ్చింది. తల్లిదండ్రులను దొంగలుగా చూపే పుస్తకాలు బడిలో ఉండకూడదని తీర్మానం రాశారు. పుస్తకం ఎవరు తెచ్చారు, ఎవరు ఇచ్చారు, ఎవరు సంతకం పెట్టారు అని డైరీలు తిరగేశారు.

"సునీత గారూ, మీరు చదివే సంతకం పెట్టారా?" అని నాగమణి అడిగింది శుక్రవారం నాడు.

ఆ 'గారు'లోనే ఉంది తంటా అంతా. చదివానంటే అందులో ఏముందో చెప్పమంటారు. చదవలేదంటే, పిల్ల సంగతి పట్టని తల్లివా అంటారు. చూడకుండా గంపగుత్తగా పెట్టానంటే ఇక నలుగురిలో తలెత్తుకునేది లేదు. ముందు నుయ్యి వెనక గొయ్యి. సునీత నూతిలోకీ దూకలేదు, గోతిలోకీ దూకలేదు. కూతుర్ని తోసేసింది.

*

కొండల్ తిని మళ్ళీ ట్యాంకర్ ఎక్కాడు. చందు మేడ మెట్ల మీదికి వెళ్ళి కూర్చుంది. సునీత గూట్లో వెతికి పాత డైరీ బయటికి తీసింది. కొత్తది బడిలోనే ఉండిపోయింది. ఇది దసరాకు ముందుది. ఒక్కొక్క పేజీ తిప్పుకుంటూ పోయింది.

ఈరమ్మ ఎప్పుడు వచ్చి వెనక నిలబడిందో తెలియదు. ఆమెకు అక్షరం ముక్క రాదు. కాని కళ్ళు లేవా!

"ఇదేందే, అన్ని ఒక్కతీరుగ ఉన్నయ్? ఒక్క పూట గూసోని పిడకలు చరిచినట్టు?"

సునీత డైరీ మూసింది. మూసిన తీరులోనే ఈరమ్మకు సగం అర్థమైంది. మిగతా సగం కోడలి మొహం చూస్తే అర్థమైంది. ముసలామె నెమ్మదిగా కింద కూలబడింది.

"పొల్ల పెట్టలే."

"పెట్టలే."

"నువ్వే పెట్టినవ్."

"అత్తా, నీ కాల్మొక్త, మెల్లగ."

"ఎవరు ఇంటరని మెల్లగ? రెండు దినాల సంది గా పసిదాన్ని తిడ్తున్నగదనే! నా నోట్లె మన్నువడ! నువ్వు గాడ నిలబడి ఇనుకుంటనే ఉన్నవ్!"

సునీతకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండు, కొంచెం తేలిక పడేది.

"నలుగురు సూస్తున్నరు అత్తా. చదవలేదంటే ఎట్ల చెప్పాలె? నోట్లకెళ్ళి గట్లనే వచ్చింది."

ఈరమ్మ తన బొటనవేలిని చూసుకుంది.

"మీ మామ ఏ కాగితం వెడ్తే గా కాగితం మీద ఏలేసిన నేను. ఏం రాసిండ్రో అడగలే. అడుగుదమంటే నాకు సదువు రాకపాయె. నీకొచ్చు గదనే? వచ్చి గూడ సూడకపోతివి."

ఆ మాట తిట్టులాగా అనలేదామె. మామూలుగా అంది. తిట్టి ఉంటే సునీత బదులు చెప్పేదేమో.

*

మెట్ల మీద కూతురి పక్కన కూర్చుంది సునీత. చందు కొంచెం జరిగింది. చోటిచ్చిందో, దూరమైందో తెలియలేదు.

"గా పుస్తకంల ఏముండె బిడ్డా?"

"సంతకం పెట్టినోళ్ళకు తెలుస్తది."

ఆ మాట ఆమెకు రావలసిందే.

"చివరికి ఏమైతది గా పోరనికి?"

ఈసారి చందు కొంచెం ఆలోచించింది. పుస్తకం సంగతి అడిగితే ఆ పిల్ల కోపం నిలవదు, చిన్నప్పటి నుంచీ అంతే. "తెల్వదు. చిన్మయి ఇచ్చినంక మల్లొకసారి చదువుదమని తెచ్చుకున్న. మొదటిసారి ఆఖరుది చదవక ముందే దానికిచ్చిన, అది మస్తు అడిగిందని. ఇరవై పేజీలున్నయనంగ గుంజుకున్నరు."

నెత్తి మీదుగా విమానం వచ్చింది. ఇద్దరూ అది పోయేదాకా ఆగారు. విమానాశ్రయం పక్కన ఉండే ఇక్కడి వాళ్ళకు మాట మధ్యలో అలా ఆగడం పుట్టుకతో వచ్చిన అలవాటు.

"రేపు నేను బడికొస్త," అంది సునీత చప్పుడు తగ్గాక.

"వచ్చి?"

"చెప్త."

"ఏం చెప్తవ్?"

నిజం చెప్తానని అనడానికి నోరు తెరిచింది. ఇంతలో ఇంకో విమానం వచ్చింది. అది వెళ్ళిపోయేసరికి పక్కన చందు లేదు. లోపల నోటుబుక్కు లోంచి కాగితం చింపిన చప్పుడు మాత్రం వినబడింది.

*

సోమవారం పొద్దున సునీత సూపర్‌వైజరుకు ఫోన్ చేసింది.

"సార్, ఇయ్యాల రాలేను. జ్వరమొచ్చింది సార్."

ఫోన్ పెట్టేసి చూస్తే గడప దగ్గర చందు బూట్ల తాడు కట్టుకుంటోంది. వింది. విన్నట్టు తలెత్తి ఒక్కసారి చూసింది. ఏమీ అనలేదు. సంచి భుజాన వేసుకుని ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. సునీత నాలుక కరుచుకుంది. ఏం లాభం, అన్నాక కరుచుకునే నాలుక ఎందుకు!

ఎనిమిదిన్నరకు ఆమె బడి చేరింది. పెద్దసారు గది బయట చెప్పులు విడిచి, పాత డైరీని కొంగు కింద దాచుకుని లోపలికి వెళ్ళింది. దారి పొడుగునా నాలుగు వాక్యాలు కూర్చుకుని, మళ్ళీ మళ్ళీ మనసులో అనుకుంటూ వచ్చింది. ఆ నాలుగూ గడప దగ్గరే ఎగిరిపోయాయి.

ఈశ్వరయ్య కుర్చీలో ఉన్నాడు. పక్కన నాగమణి. గోడకానుకుని లైబ్రరీ చూసే తారాబాయి నిలబడి ఉంది, ఆమెను ఎవరూ కూర్చోమన్నట్టు లేదు. బల్ల మీద ఆ పుస్తకం. తప్పు ఉన్న పేజీలన్నిటికీ పసుపు చీటీలు అంటించారు. చీటీలు లేని పేజీ ఉన్నట్టు లేదు.

"రామ్మా, కూసో," అన్నాడు ఈశ్వరయ్య. గొంతులో శుక్రవారం నాటి కోపం లేదు. "ఇగ పరేషాన్ గావద్దు. నీ బిడ్డ పొద్దున్నే వచ్చి ఒప్పుకుంది. లెటర్ రాసిచ్చింది."

సునీత నిలబడిపోయింది.

"చూడండి సునీత గారూ, పిల్లలన్నాక తప్పులు చేస్తారు," అంది నాగమణి, నిజంగానే జాలిగా. "తనంతట తనే రాసి తెచ్చిందంటే మంచి పిల్లే. ఇక ప్రేయర్‌లో నిలబెట్టడం అవీ వద్దని నేనే చెప్పాను సార్‌కి. ఆ ఉత్తరం కింద మీరొక సంతకం చేసేయండి, ఇంతటితో వదిలేద్దాం. ఆ లైబ్రరీ బీరువాకి ఎలాగూ తాళం వేయిస్తున్నాం."

ఉత్తరం ఆమె ముందుకు జరిపాడు ఈశ్వరయ్య. కలం మూత తీసి ఇచ్చాడు. చందు రూళ్ళ కాగితం మీద రాసింది. కింద, తల్లి సంతకానికి, ఒక చిన్న గడి గీసి పెట్టింది. ఖాళీ గడి.

తలుపు దగ్గర నీడ కదిలింది. చందు వచ్చి నిలబడింది. పెట్టెయ్యమ్మా అన్నట్టు చూసింది.

ఎంత తేలిక! ఒక్క సంతకం. పిల్లకు ప్రేయర్ తప్పుతుంది, టీసీ తప్పుతుంది. తనకు సిగ్గు తప్పుతుంది. రేపటి నుంచి మళ్ళీ దుప్పట్లు మడతపెట్టుకోవచ్చు. కలం కాగితం దాకా వెళ్ళింది కూడా. దానిపాటికది వెళ్ళింది, చేతికి అలవాటే కదా.

ఆగింది.

"చదవకుండ పెట్ట సార్," అంది.

"చదువమ్మా, ఎవరొద్దన్నరు?"

సునీతకు మనసులో చదువుకోవడం రాదు. పైకి చదివితేనే అర్థమవుతుంది. అక్షరాల కింద వేలు పెట్టి, ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. నాగమణి మొహమాటంగా కిటికీ వైపు చూసింది.

"ఏడవ... తరగతి... చదువుతున్న... చందన... వ్రాయునది. పుస్తకాల డైరీలో... అమ్మ సంతకాలు... నేనే పెట్టాను."

వేలు కిందికి జరిపింది.

"తారాబాయి మేడంకు... తెలియదు. అమ్మకు కూడా... ఏమీ తెలియదు."

అక్కడ ఆగిపోయింది. ఆ ఉత్తరం మొత్తంలో కల్తీ లేని నిజం ఆ ఒక్క మాటే. అమ్మకు ఏమీ తెలియదు. పుస్తకం పేరు తెలియదు, పిల్ల ఏం చదివి నవ్వుకుందో తెలియదు, ఏం రాసి బడికి తెచ్చిందో కూడా తెలియదు.

సునీత సంతకం పెట్టింది. పెట్టీ పెట్టనట్టు గీకలేదు. ఎప్పటిలాగే, తోక కిందికి లాగి, వెనక్కి తిప్పి, గీత కొట్టి మరీ పెట్టింది. తరవాత కొంగు కింది నుంచి పాత డైరీ తీసి దాని పక్కన తెరిచి పెట్టింది.

"సార్, మీ దగ్గరున్న డైరీ గూడ పెట్టి, మూడిట్ల సూడున్రి. ఎవరి చెయ్యో."

ఈశ్వరయ్య కళ్ళజోడు సవరించుకున్నాడు. బల్ల మీద మూడు చోట్ల ఒకటే తోక, ఒకటే గీత. చూడటానికి కళ్ళజోడు కూడా అక్కర్లేదు.

"అయితే శుక్రవారం నాడు..."

"అబద్ధం చెప్పిన సార్. బిడ్డ ముంగట్నే చెప్పిన. ఖాళీ గళ్ళల్ల నేనే అన్నీ ముందుగాల పెట్టి ఇచ్చిన. ఒక్క పుస్తకం సూడలే. పేరు గూడ అడగలే."

నాగమణి చూపు బల్ల మీద పసుపు చీటీల మీద పడి, అక్కడి నుంచి త్వరగా తప్పుకుంది.

సునీత వైపు తిరిగి మాట్లాడింది తారాబాయి. ఎవరినీ తప్పుపట్టే గొంతు కాదు అది. "వారం తప్పకుండ సంతకం ఉండే మేడం మీది. మిగతావాళ్ళవి సగం ఉండకపోయేవి. ఇంట్ల తల్లీబిడ్డా కలిసి చదువుతున్నరనుకున్న. వేరే పిల్లలకు గూడ మీ పేరే చెప్పేదాన్ని."

చెంప మీద కొట్టినా సునీత తట్టుకునేది. తల వంచుకుంది. నేల మీద తన పాదాలు, పగిలిన మడమలు కనబడ్డాయి.

"అమ్మా."

చందు లోపలికి వచ్చింది. ఆ రెండు రోజుల తరవాత తనంతట తాను తల్లిని పిలవడం ఇదే. అందులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"మరి శుక్రవారం ఎందుకు గట్ల చెప్పినవ్?"

గదిలో అందరూ సునీతనే చూస్తున్నారు. ఇక దాచడానికి ఏముంది?

"సిగ్గయింది బిడ్డా. చదవలేదంటే నలుగురు ఏమనుకుంటరో అని... సిగ్గయింది."

చందు తల్లి మొహంలోకి చూసింది.

"నాకు సిగ్గు గాదా అమ్మా?"

ప్రేయర్ గంట కొట్టారు. బయట పిల్లల పరుగులు, వరసల గోల. చందు వెనక్కి తిరిగి బయటికి వెళ్ళింది. అద్దం కిటికీ లోంచి సునీతకు కనబడుతూనే ఉంది. పిల్ల ఏడో తరగతి వరసలోకి పోలేదు. వరసలన్నీ దాటుకుంటూ, జెండా కర్ర దగ్గర మైకు పెట్టే మెట్ల మీదికి, తప్పు చేసినవాళ్ళను నిలబెట్టే చోటికి పోతోంది. అక్కడ చిన్మయి తన వరసలోంచి తల బయటికి పెట్టి చూస్తోంది.

"ఆగమ్మా, ఇప్పుడెందుకు..." అని ఈశ్వరయ్య లేచాడు. ఎవరినన్నాడో అతనికే తెలియదు. "సునీత గారూ, వద్దండీ, మూడొందల మంది పిల్లలు..." అంటోంది నాగమణి.

సునీత అప్పటికే గడప దాటింది. చెప్పులు వేసుకోలేదు. ఎండకు అప్పుడే వేడెక్కుతున్న సిమెంటు మీద ఒట్టి కాళ్ళతో నడిచి, మెట్లెక్కి, కూతురి పక్కన నిలబడింది.

తల్లి మైకు కోసం చెయ్యి చాపింది. కూతురూ చాపింది. డ్రిల్లు సారు మైకు ఎవరికి ఇవ్వాలో తెలియక ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.